పాత కంప్యూటరుకు అప్పగింతలు

ఆ ఫోను ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. అప్పుడే భోంచేసి నడుం వాల్చాను.

"అన్నా, వేలూరు తొరపాడి ఆఫీసు మేనేజరు మీరేనా? గుడియాత్తం నుంచి మాట్లాడుతుండా. మీ ఆఫీసోళ్ల జీతాల లెక్కంతా నా కాడ ఉండాది."

నిద్ర ఎగిరిపోయింది. ఆయనది లుంగీల కొట్టు. కొట్లో సీసీ కెమెరాకి హార్డ్ డిస్కు కావలసి వేలూరులో సెకండ్ హ్యాండ్ సామాన్లమ్మే చోట ఒకటి కొన్నాడు. ఇంట్లో కొడుకు దాన్ని కంప్యూటరుకు తగిలించి ఏదో సాఫ్ట్‌వేరుతో తడిమి చూస్తే మా ఫైళ్లు బయటపడ్డాయి. మూడేళ్ల జీతాల పట్టికలు, బ్యాంకు ఖాతా నంబర్లు, ఆధార్ కార్డుల స్కాన్లు. ఒక ఉత్తరం కింద నా పేరూ ఫోను నంబరూ.

"ఇవన్నీ మాకెందుకన్నా, తుడిచేస్తాం. మీకు తెలియాల గదా అని చెప్తుండా" అని పెట్టేశాడు.

సోమవారం పొద్దున్నే పాత కంప్యూటర్లు అమ్మిన ఫైలు తీశాను. ఆ పాత కంప్యూటర్లు ఆఫీసు దాటి ఏడాది పైనే అయింది. ఫైల్లో ఒకే ఒక్క కాగితం ఉంది. కాయలాన్ కడై (పాత సామాన్ల కొట్టు) వాడి బిల్లు పుస్తకంలోంచి చింపిన పసుపు చీటీ. దాని మీద రాసింది ఇంతే: "పాత కంప్యూటర్ సామాన్లు, 1 లాట్." కింద ఒక మొత్తం, పోల్చుకోలేని సంతకం.

ఎన్ని పెట్టెలు పోయాయని అడిగితే స్టోర్ కీపరు ఇరవై రెండన్నాడు. గేటు దగ్గరి గార్డు పంతొమ్మిదన్నాడు. అకౌంటెంటు తన పుస్తకం చూసి ఇరవై నాలుగన్నాడు. డిస్కులు ఊడదీసి ఇచ్చామా, ఉంచే ఇచ్చామా అంటే ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లనేమనగలను? ఆ చీటీని పాస్ చేసిన సంతకం నాది.

ఈ అధ్యాయం ఆ చీటీ గురించే.

వదిలించుకోవడం వేరు, అప్పగించడం వేరు

మన పెళ్లిళ్లలో అప్పగింతలు చూశారు కదా. పెళ్లికూతుర్ని బండెక్కించి చెయ్యూపి ఊరుకోరు. చేతిలో చెయ్యి పెట్టి, అత్తగారిని, మామగారిని, ఆడపడుచునీ పేరుపేరునా పిలిచి, పదిమంది ఎదుట ఒప్పజెబుతారు. పంపుతున్నది ఎవరిని, తీసుకుంటున్నది ఎవరు, చూసినవాళ్లెవరు అన్నది ఆ కాసేపట్లో తేలిపోతుంది. రేపు ఏదైనా మాట వస్తే ఆ సాక్ష్యం ఉంటుంది.

పాత సామాన్ల విషయంలో మాత్రం మనం వదిలించుకునే మనుషులం. జాగా ఖాళీ అయితే చాలు. అడ్డం తప్పితే చాలు. కొన్నవాడు ఇచ్చిన నాలుగు డబ్బులు టీలకు సరిపోతే అదే లాభం. పాత కుర్చీకి ఆ పద్ధతి సరిపోతుంది, ఎందుకంటే కుర్చీకి జ్ఞాపకం ఉండదు, దాన్ని కాలిస్తే సీసం పొగ రాదు. కంప్యూటరుకు ఆ రెండూ ఉన్నాయి. దాని డిస్కులో మీ ఆఫీసు చరిత్ర ఉంది. సోల్డరులో, పాత పిక్చర్ ట్యూబు మానిటరు గాజులో సీసం ఉంది. పాత ఎల్‌సీడీ తెర వెనక దీపంలో పాదరసం ఉంది. రాగి కోసం ఎవరైనా వైర్లను బయట మంటలో వేస్తే ఆ ప్లాస్టిక్కు నుంచి డయాక్సిన్లనే విషాలు పుడతాయి.

ప్రపంచం మొత్తం ఇదే తంతు. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో ప్రచురించిన అంచనా ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ సామాను 6.2 కోట్ల టన్నులు. పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు కాగితం మీద లెక్క ఉన్నది అందులో 22.3 శాతమే. మిగతాదంతా ఎక్కడికో పోయింది. మా ఇరవై చిల్లర పెట్టెల్లాగే, ఒక లాట్.

పాలారు ఒడ్డున దీన్ని ఎక్కువ చెప్పనక్కర్లేదు

వేలూరు వాళ్లకు "పోయిన చెత్త పోయినట్టు కాదు" అని ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. తోలు శుద్ధి చేసే కర్మాగారాల నీళ్లు పాలారు నదిలో కలుస్తున్నాయని వేలూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న తీర్పు చెప్పింది. పాడు చేసినవాడే మూల్యం చెల్లించాలి, నష్టం రుజువయ్యేదాకా ఆగకుండా ముందే జాగ్రత్త పడాలి అన్న రెండు సూత్రాలూ మన దేశపు చట్టంలో భాగమేనని ఆ తీర్పు తేల్చింది. పర్యావరణ చట్టం చదివే విద్యార్థులు ఈనాటికీ వేలూరు పేరుతో ఆ పాఠం చదువుతారు.

ఆ తీర్పులో నన్ను కట్టిపడేసిన సంగతి ఒకటుంది. దిండిగల్ వైపు 13 గ్రామాల్లో ఒక స్వచ్ఛంద సంస్థ బావులు లెక్కపెట్టింది. తాగడానికీ సాగుకూ వాడే 467 బావుల్లో 350 పాడైపోయాయని రాసిపెట్టింది. ఆ అంకెలు కోర్టు తీర్పులోకి ఎక్కాయి. "మా బావులన్నీ చెడిపోయాయి సామీ" అని ఊరు ఊరంతా ఏడ్చినా రాని బలం, 467లో 350 అని రాసిన కాగితానికి వచ్చింది. లెక్క రాసుకున్నవాడి మాట నిలబడుతుంది. ఫిర్యాదు చేసేవాడికైనా, జవాబు చెప్పుకోవలసినవాడికైనా ఇదే సూత్రం.

బాధ్యతకు కాలదోషం కూడా పట్టదు. రాణిపేటలో ప్రభుత్వ భాగస్వామ్యంతో నడిచిన క్రోమేట్ల కర్మాగారం 1990లలో మూతపడింది. లక్షన్నర టన్నులకు పైబడిన క్రోమియం వ్యర్థం మాత్రం అక్కడే గుట్టలుగా మిగిలింది. 2025 జనవరి 30న కూడా సుప్రీంకోర్టు పాలారు తోలు కాలుష్యం మీదే మరో తీర్పు ఇవ్వవలసి వచ్చింది. మొదటి తీర్పుకీ దీనికీ మధ్య ఇరవై ఎనిమిదేళ్లు దాటాయి.

చట్టం అడిగేది ఎంత?

ఎలక్ట్రానిక్ వ్యర్థాలకు మన దేశంలో మొదటి నిబంధనలు 2011లో వచ్చాయి, 2012 మే 1 నుంచి అమలయ్యాయి. 2016లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. ఇప్పుడు నడుస్తున్నవి 2022 నిబంధనలు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఆర్థిక సంవత్సరంలో ఏ ఒక్క సమయంలోనైనా జాబితాలోని పరికరాలు కనీసం వెయ్యి వాడిన సంస్థ "భారీ వినియోగదారు" అవుతుంది. అలాంటి సంస్థ తన ఎలక్ట్రానిక్ వ్యర్థాన్ని రిజిస్టరైన ఉత్పత్తిదారుకు గానీ, మరమ్మతు చేసి మళ్లీ వాడకంలోకి తెచ్చేవారికి గానీ, రీసైక్లరుకు గానీ మాత్రమే అప్పగించాలి. అంతే, ఒకే వాక్యం.

వెయ్యి అంటే "అమ్మో, మనకెక్కడివి" అనుకోకండి. జాబితా ఇదివరకు 21 రకాలే, ఇప్పుడు 106. కంప్యూటర్లు, ఫోన్లు, ప్రింటర్లతో పాటు ఏసీలు, ట్యూబులైట్లు, కార్ట్రిడ్జిలు, వైద్య పరికరాలు, ప్రయోగశాల పరికరాలు కూడా అందులో ఉన్నాయి. సీఎంసీ ఆసుపత్రి, వీఐటీ విశ్వవిద్యాలయం ఉన్న ఊరు ఇది. తొరపాడిలోనే ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. వాటి చుట్టూ స్కాన్ సెంటర్లు, ల్యాబులు, హాస్టళ్లు, లాడ్జీలు. ఒక మాదిరి నర్సింగ్ హోము కూడా ట్యూబులైటు దగ్గర్నుంచి మొదలెట్టి లెక్కపెడితే తన సంఖ్య చూసి తనే ఉలిక్కిపడుతుంది.

వెయ్యి దాటకపోయినా మీరు బయటపడ్డట్టు కాదు. ఆ డిస్కుల్లోని మనుషుల వివరాలకు 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉంది. తగిన భద్రత లేక సమాచారం బయటికి పొక్కితే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెళ్లవచ్చని ఆ చట్టం చెబుతోంది. చట్టాలన్నీ పక్కన పెట్టినా గుడియాత్తం నుంచి ఆదివారం ఫోను రావచ్చు.

ఆరు కాగితాలు

మా పసుపు చీటీ తర్వాత నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఒక్కో యంత్రం వెనక ఆరు కాగితాలుండాలి. ఖరీదైన సాఫ్ట్‌వేరు అక్కర్లేదు. గట్టి అట్ట రిజిస్టరు ఒకటి, ఎక్సెల్ పట్టిక ఒకటి చాలు.

*మొదటిది: పుట్టిన కాగితం.* యంత్రం ఆఫీసులోకి వచ్చిన రోజే ఆస్తుల రిజిస్టరులో ఎక్కాలి. మీరు అంటించిన నంబరు, కంపెనీ సీరియల్ నంబరు, కొన్న బిల్లు నంబరు, ఏ గది, ఎవరి బల్ల. అన్నిటికన్నా ఎక్కువ మంది మరిచిపోయేది ఒకటుంది. పెట్టె సీరియల్ నంబరు వేరు, లోపలి డిస్కు సీరియల్ నంబరు వేరు. డిస్కుకు కూడా ఒక గడి కేటాయించండి. గుడియాత్తం చేరింది పెట్టె కాదు, డిస్కు.

నంబరు రాసేటప్పుడు సున్నాకీ ఇంగ్లీషు ఓ అక్షరానికీ, ఎనిమిదికీ బీ అక్షరానికీ మధ్య తికమక తప్పదు. స్టిక్కరును ఫోనుతో ఫొటో తీసి ఆస్తి నంబరు పేరుతో దాచేయండి. వాదన ఉండదు.

*రెండోది: కండెమ్ కాగితం.* ప్రభుత్వాఫీసుల్లో, ఆసుపత్రుల్లో ఈ మాట అందరికీ తెలుసు. ఈ వస్తువు ఇక పనికిరాదు అని ఎవరు తేల్చారు, ఎప్పుడు, ఎందుకు? మదర్‌బోర్డు పోయిందా, మరమ్మతు ఖర్చు ఎక్కువా, వేగం చాలదా? కారణం రాయడం మొదలెట్టగానే ఒక మేలు జరుగుతుంది. మా జాబితాలో నాలుగోవంతు "వేగం చాలదు" అన్నవే. మెమరీ మార్చి మళ్లీ వాడుకున్నాం. కనీసం ఇద్దరు సంతకం చేయాలి. ఒకరు వాడిన విభాగం, ఒకరు అకౌంట్స్. అకౌంట్స్ సంతకం లేకపోతే వస్తువు బయటికి పోయినా పుస్తకంలో బతికే ఉంటుంది, మా ఇరవై నాలుగులాగా.

ల్యాబుల వాళ్లు, ఆసుపత్రుల వాళ్లు ఇక్కడ మరో గడి చేర్చుకోవాలి: లోపల ఏముంది? ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగంలో ఏళ్ల తరబడి వాడకుండా పడివున్న ఒక పరికరాన్ని 2010 ఫిబ్రవరిలో పాత సామానుగా వేలం వేశారు. లోపల కోబాల్ట్-60 ఉంది. మాయాపురి తుక్కు బజారులో దాన్ని విప్పారు. రేడియేషన్ సోకి ఒక కార్మికుడు చనిపోయాడు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. ఆ యంత్రం ఏమిటో తెలిసినవాళ్లు వెళ్లిపోయాక, చెప్పడానికి మిగలాల్సింది కాగితమే. రేడియోధార్మిక పదార్థం ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనల కిందికి రాదు, అణుశక్తి చట్టం కిందికి వస్తుంది. ఆ గడిలో అలాంటిది ఉందని పడితే మీ చెయ్యి అక్కడే ఆగిపోవాలి.

*మూడోది: తుడిచిన కాగితం.* ఫార్మాట్ చేశాం కదా అంటారు. మామూలు ఫార్మాట్ అంటే పుస్తకంలో విషయసూచిక చింపడం. పుటలు ఎక్కడివక్కడే ఉంటాయి. లుంగీల కొట్టాయన కొడుకు చదివింది ఆ పుటలనే. తిరిగే పళ్లెం ఉన్న పాత డిస్కు మొత్తాన్నీ కొత్త రాతతో కప్పే సాఫ్ట్‌వేరు ఉంటుంది. తిరిగే పళ్లెం లేని ఎస్‌ఎస్‌డీ అయితే దాని తయారీదారు ఇచ్చిన చెరిపే ఆదేశం వాడాలి. అయస్కాంతంతో చెరిపే యంత్రం దాని మీద పనిచేయదు. అనుమానముంటే పొడి చేయించండి. ఏది చేసినా డిస్కు సీరియల్ నంబరు, పద్ధతి, తేదీ, చేసినవాడి సంతకం ఉండాలి.

డిస్కు అంటే కంప్యూటరులోనే అనుకోవద్దు. చాలా జిరాక్స్ యంత్రాల్లోనూ ఉంటుంది. అమెరికాలో అఫినిటీ అనే ఆరోగ్య బీమా సంస్థ అద్దెకు తెచ్చుకున్న జిరాక్స్ యంత్రాలను లోపలి డిస్కు తుడవకుండా తిప్పి పంపింది. వాటిలో ఒకదాన్ని ఒక టీవీ వార్తాసంస్థ కొని చూస్తే రోగుల వివరాలు కనబడ్డాయి. దాదాపు 3.44 లక్షల మంది సమాచారం బయటపడి ఉండవచ్చని తేలి, 2013లో ఆ సంస్థ 12 లక్షల డాలర్లకు పైగా కట్టింది. రోజూ వేల మంది రోగుల కాగితాలు జిరాక్స్ అయ్యే ఊరు మనది.

*నాలుగోది: కొనేవాడి కాగితం.* ఎక్కువ ధర ఇచ్చేవాడికన్నా రిజిస్ట్రేషన్ ఉన్నవాడు ముఖ్యం. చూపించిన నకలుతో సరిపెట్టుకోకుండా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో అతని పేరు వెతకండి. అతను ఏ తరగతి, గడువు ఎప్పటిదాకా, చిరునామా ఏది? ఆ తెరను ప్రింటు తీసి, తేదీ వేసి, ఫైల్లో పెట్టండి. మూడేళ్ల తర్వాత అతని రిజిస్ట్రేషన్ పోయినా, మీరిచ్చిన రోజున ఉందని చెప్పేది ఆ ప్రింటే. "నేను ఫలానా పెద్ద కంపెనీ ఏజెంటును సార్" అంటే ఆ కంపెనీ ఉత్తరం అడగండి. బిల్లు ఎవరి పేరున వస్తుందో అప్పగింత వారికే.

మోర్గాన్ స్టాన్లీ అంత పెద్ద ఆర్థిక సంస్థ ఇక్కడే జారిపడింది. 2016లో డేటా సెంటర్లు మూసేటప్పుడు, సమాచారం తుడిచే పనిలో అనుభవమే లేని సామాన్లు తరలించే కంపెనీకి పని అప్పజెప్పింది. కొన్ని పరికరాలు ఖాతాదారుల వివరాలతో సహా ఆన్‌లైన్ వేలంలో తేలాయి. ఆ తర్వాత మరో చోట సర్వర్లు మార్చి రికార్డులు సరిచూసుకుంటే 42 సర్వర్లు లెక్కకు రాలేదు. 2020లో ఒక నియంత్రణ సంస్థ 6 కోట్ల డాలర్లు, 2022లో మరొకటి 3.5 కోట్ల డాలర్లు జరిమానా వేశాయి. ఆ 42 అన్న అంకె చదివినప్పుడు నాకు మా స్టోర్ కీపరు, గార్డు, అకౌంటెంటు కళ్లముందు నిలబడ్డారు.

*ఐదోది: గేటు కాగితం.* దీని గురించి కింద విడిగా చెబుతాను.

*ఆరోది: తిరిగొచ్చే కాగితం.* రీసైక్లరు "ఇన్ని అందాయి, ఇలా చేశాం" అని ఇచ్చే ధ్రువపత్రం. అది వచ్చేదాకా రిజిస్టరులో ఆ వరుస ముగిసినట్టు కాదు. దాని మీద మీ జాబితా నంబరు, బరువు, తేదీ ఉన్నాయో చూడండి. "ఎలక్ట్రానిక్ సామాన్లు, 1 లాట్" అని వస్తే మర్యాదగా వెనక్కి పంపండి.

గేటు దగ్గర ఒక ఉదయం

అప్పగింత జరిగేది గేటు దగ్గర. అక్కడ గంటసేపు ఓపిక పడితే పదేళ్లు నిశ్చింత.

పొద్దున పదింటికి బండి వచ్చిందనుకోండి. చిన్న లోడుకు మన వైపు వచ్చేది కుట్టియానై అని పిలిచే చిన్న ట్రక్కే. ముందు బండి నంబరు, డ్రైవరు లైసెన్సు ఫొటో. సామాను స్టోరు గది నుంచి ఒక్కొక్కటి బయటికి రావాలి. ఒకరు సీరియల్ నంబరు పైకి చదవాలి, ఒకరు జాబితాలో టిక్కు పెట్టాలి, మూడోవారు బండిలో ఎక్కించాలి. చదివేవాడూ టిక్కు పెట్టేవాడూ ఒకరే అయితే అలవాటుగా పెన్ను కిందికి జారిపోతుంది. నేను చూశాను.

తూకం దగ్గర ఒక మెలిక ఉంది. లారీ కాటాలో ఐదు, పది కిలోల తేడా తెలియదు. ల్యాప్‌టాప్ బరువు రెండు కిలోలు. అంటే నాలుగు ల్యాప్‌టాపులు దిగిపోయినా కాటా చీటీకి తెలియకపోవచ్చు. చిన్న లోడయితే స్టోరులోని బల్లకాటా మీద రకాలవారీగా తూచండి. సీపీయూలు విడిగా, మానిటర్లు విడిగా, వైర్లు విడిగా.

బరువు ఎందుకింత ముఖ్యం? ఇరవై సీపీయూలు, ఒక్కోటి సగటున ఎనిమిది కిలోలు అనుకుందాం. నూట అరవై కిలోలు పంపారు. అవతల అందింది నూట ఇరవై అని వస్తే పెట్టెల సంఖ్య ఇరవయ్యే ఉండవచ్చు. కానీ దారిలో ఎక్కడో మూతలు విప్పారు. విలువైన భాగాలు దిగిపోయి, ఖాళీ డొల్లలు మాత్రం చేరాయి. లెక్కపెడితే దొరకని దొంగతనం తూకంలో దొరుకుతుంది.

బ్యాటరీలను ఈ జాబితాలో కలపకండి. యూపీఎస్ బ్యాటరీలకూ ల్యాప్‌టాప్ బ్యాటరీలకూ 2022లోనే వచ్చిన వేరే నిబంధనలున్నాయి. వాటికి వేరే జాబితా, వేరే అప్పగింత. ఉబ్బిన బ్యాటరీని ఎవరూ పొడవకుండా, నొక్కకుండా, ఎండ తగలని చోట విడిగా పెట్టండి.

అన్నీ ఎక్కాక జాబితా మూడు ప్రతులు. మూడింటి మీదా డ్రైవరు సంతకం, మీ సంతకం, గార్డు సంతకం. ఒకటి మీకు, ఒకటి డ్రైవరుకు, ఒకటి అవతలివాళ్లు అందినట్టు సంతకం చేసి తిప్పి పంపడానికి. గేటు పాస్ నంబరు, బిల్లు నంబరు ఆ జాబితా మీదే రాయండి. సరుకు విలువనుబట్టి ఈ-వే బిల్లు కావాలా అన్నది ముందురోజే అకౌంట్స్‌ను అడిగిపెట్టుకోండి. చివరిగా తాడు కట్టిన బండిని ఒక ఫొటో.

మనసు చెప్పే సాకులు

పద్ధతి తెలిసినా చేయం. ఎందుకంటే మనసు దగ్గర సాకులు సిద్ధంగా ఉంటాయి.

"తర్వాత రాసుకుందాంలే." ఈ సాకుకు జవాబు మా తొరపాడిలోనే ఉంది. తొరపాడి అనగానే అందరికీ గుర్తొచ్చేది వేలూరు జైలు. 1921 డిసెంబరు నుంచి 1922 మార్చి దాకా రాజాజీ వేలూరు జైల్లో ఉన్నారు. ఆ రోజుల్లో ఆయన డైరీ రాశారు, అది తర్వాత పుస్తకంగా వచ్చింది. బయటికొచ్చాక తీరిగ్గా రాద్దామనుకుంటే కారణాలు కావలసినన్ని ఉండేవి. ఏ రోజుది ఆ రోజు రాసింది కాబట్టే దానికి విలువ. గేటు రిజిస్టరు కూడా అంతే. సాయంత్రం గుర్తు తెచ్చుకుని నింపిన జాబితా జాబితా కాదు, కథ.

"వీళ్లను మనకు పదేళ్లుగా తెలుసు." తెలిసినవాళ్లతో లెక్క రాసుకుంటే స్నేహం చెడుతుందనుకుంటాం. లెక్క లేకపోతేనే చెడుతుంది. మా చీటీ ఇచ్చిన కాయలాన్ కడై ఆయన మాకు ఏళ్ల తరబడి తెలిసినవాడే. డిస్కు అతని దగ్గర్నుంచి పోయిందో, అతను అమ్మినవాడి దగ్గర్నుంచి పోయిందో నేటికీ తెలియదు. అతన్ని అనుమానించడానికీ, అనుమానం తీర్చుకోవడానికీ కూడా నా దగ్గర ఆధారం లేదు. కాగితం ఉంటే నన్నొక్కణ్నే కాదు, అతన్ని కూడా కాపాడేది.

"ఇంకొన్నాళ్లు ఉండనీ, ఎప్పుడైనా పనికొస్తుంది." తయారీదారులకూ రీసైక్లర్లకూ నిబంధనలు 180 రోజుల నిల్వ గడువు పెట్టాయి. మీ స్టోరు గదికీ అదే గడువు పెట్టుకోండి. కండెమ్ అయిన వస్తువు మీద తేదీ చీటీ అంటించండి. ఆరు నెలల్లో పనికిరానిది ఆరేళ్లలోనూ పనికిరాదు. ఈలోపు దాని మెమరీ ఒకరు, డిస్కు ఒకరు మొహమాటం లేకుండా తీసుకెళ్తారు.

"ఈ కాగితాలన్నీ ఎన్నాళ్లు దాచాలి?" ఇది సాకు కాదు, సరైన ప్రశ్న. కంపెనీల చట్టం ఖాతా పుస్తకాలను ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు ఉంచమంటుంది. జీఎస్టీ చట్టం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలంటుంది. పెద్దదాన్ని పట్టుకోండి, ఎనిమిదేళ్లు. స్కాన్ చేసి మరో చోట ఒక ప్రతి ఉంచండి. పాత జాబితాలను దాచిన కంప్యూటరునే కండెమ్ చేసి పంపినవాళ్లను కూడా నేనెరుగుదును.

ఈ వారం చేయవలసింది

చదివి పక్కన పెట్టకండి. రేపు ఒక గంట తీసుకోండి.

1. స్టోరు గది తలుపు తీసి, కనిపించే ప్రతి ఎలక్ట్రానిక్ వస్తువునూ లెక్కపెట్టండి. అల్మరా పైన, మెట్ల కింద, పాత మేనేజరు గదిలో కూడా చూడండి.

2. అకౌంట్స్ పుస్తకంలోని సంఖ్యతో పోల్చండి. తేడా ఎంతో ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం చేయండి. ఆ తేడాకు ఈ రోజు సిగ్గుపడితే చాలు, రేపు భయపడక్కర్లేదు.

3. ఏదైనా ఒక యంత్రాన్ని ఎంచుకుని దానికి ఆరు కాగితాల్లో ఎన్ని ఉన్నాయో చూడండి. మొదటిసారి చూసినప్పుడు మాకు అరకాగితమే దొరికింది. సగం చిరిగిన కొన్న బిల్లు.

4. గేటు దగ్గర గార్డును కూర్చోబెట్టి, సీరియల్ నంబరు ఎక్కడుంటుందో చూపించండి. ఈ పద్ధతి మొత్తానికి కీలకమైన మనిషి అతనే. జీతం అందరికన్నా తక్కువ, సాక్ష్యం అందరికన్నా ఎక్కువ.

రెండో ఫోను

ఆ తర్వాత రెండేళ్లకు మళ్లీ ఒక లోడు పంపాం. ఈసారి ఆరు కాగితాలతో, గంటన్నర గేటు దగ్గర నిలబడి. నాలుగో రోజు రీసైక్లరు ఆఫీసు నుంచి ఫోను.

"సార్, మీ జాబితాలో 31 ల్యాప్‌టాపులున్నాయి. మాకు 30 అందాయి."

గుండె ఝల్లుమంది. అలవాటైన భయం. కానీ ఈసారి ముగ్గురి మొహాలు చూసే పని లేదు. రిజిస్టరు తెరిచాను. వాళ్లు లేదన్న సీరియల్ నంబరు వెతికితే గేటు జాబితాలో దాని పక్కన టిక్కు లేదు. చిన్న అక్షరాలతో తమిళంలో మా గార్డు రాసిన మాట ఉంది: బ్యాటరీ ఉబ్బింది, ఎక్కించలేదు. మొత్తం దగ్గర మాత్రం నేనే 31ని సరిదిద్దడం మరిచాను.

స్టోరు గదికి వెళ్లి చూస్తే బ్యాటరీల అరలో, ఎండ తగలని మూల, తేదీ చీటీతో సహా ఆ ల్యాప్‌టాపు కూర్చుని ఉంది. ఫోను పెట్టేలోపే జవాబు చెప్పాను. తప్పు మాదేనని ఒప్పుకుంటూ సవరించిన జాబితా సాయంత్రానికి పంపాను.

ఆ పసుపు చీటీని పారేయలేదు. కొత్త రిజిస్టరు మొదటి పుటలో అంటించాను. కొత్తగా చేరిన స్టోర్ కీపరు ఎవరైనా "ఇదేంటి సార్?" అని అడుగుతారు. లుంగీల కొట్టు సంగతి చెబుతాను. చెప్పాక పెన్ను వాళ్ల చేతికిచ్చి, స్టోరు గదిలో మొదటి వస్తువు చూపిస్తాను.